పాలబండి పాతదైనా పాలు తాజాగానే చేరాలి
(పాత పికప్ బండి రోజువారీ సంరక్షణ, మార్పులు, లాగుడు పనులపై సంఘ సభ్యులకు ఒక పాఠం)



పశువు మేపు గురించి, దూడల పెంపకం గురించి, గాలికుంటు టీకాల గురించి ఈ పుటల్లో తరచుగా ముచ్చటించుకుంటూనే వున్నాం. కాని పాలు పితికిన తర్వాత వాటిని మోసుకుపోయే బండి గురించి మనం మాట్లాడుకునేది తక్కువ. బండి ఆగిపోయిన రోజున మాత్రం ఊరంతా దాన్ని గురించే మాట్లాడుతుంది. ఆగకముందే నాలుగు మాటలు మాట్లాడుకుందామన్నదే ఈ పాఠం ఉద్దేశం.

ఇప్పుడు చాలా గ్రామాల్లో బల్క్ కూలర్లు వచ్చాయి. అక్కడి నుంచి ట్యాంకరు పాలను తీసుకుపోతుంది. అయినా కూలరు లేని చిన్న సంఘాలు తమ పాలను క్యానుల్లో నింపి, పక్క ఊరి కూలరుకో శీతలీకరణ కేంద్రానికో పికప్ బండిలో పంపుతూనే వున్నాయి. ఆ బండి చాలా చోట్ల పాతదే. పదేళ్ళు, పదిహేనేళ్ళు తిరిగిన మహీంద్రా పికప్పో, టాటా 207ఓ అయివుంటుంది. పాత బండి అంటే పనికిరాని బండి అని అర్థం కాదు. సరిగ్గా చూసుకుంటే నమ్మకంగా పనిచేస్తుంది. చూసుకోకపోతే మనం ఊహించని రోజున, ఊహించని చోట నిలబెడుతుంది.

ఒక సంఘంలో జరిగింది

పేరు అవసరం లేదు. మేము పాల మార్గాల వెంట తిరిగేటప్పుడు చూసిన సంగతి ఇది. ఆ సంఘం బండికి ఫ్యాను బెల్టు పగుళ్ళు తీసింది. డ్రైవరు చూశాడు, కార్యదర్శికి చెప్పాడు. కార్యదర్శి "శనివారం పాలకవర్గ సమావేశం వుంది, అందులో పెడదాం" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. ఖర్చుకు తీర్మానం కావాలి గదా! కాని బెల్టు శనివారం దాకా ఆగలేదు. మే నెలలో గురువారం ఉదయం దారి మధ్యలో తెగింది. ఇంజను వేడెక్కి బండి ఆగింది. దగ్గర్లో దుకాణం లేదు. వేరే బండి వచ్చి క్యానులు ఎక్కించుకుని కేంద్రం చేరేసరికి మూడు గంటలు దాటింది. పరీక్ష నాళికలో పోసి మరిగించి చూస్తే పాలు విరిగిపోయాయి.

ఆ రోజు పాలు పోసిన వారిలో ఒక్క గేదె మీద ఇల్లు నడుపుకునే వారున్నారు. వారికి ఏమని సమాధానం చెప్పాలి? బెల్టు ఖరీదు ఎంత? పోయిన పాల ఖరీదు ఎంత? డ్రైవరు తన పని తాను చేశాడు. లోపం మన ఏర్పాటులో వుంది. ఈ సంగతిని మనసులో వుంచుకుని మిగిలిన పాఠం చదవవలసిందిగా కోరుతున్నాం.

పాలకు గడియారం వుంది

పొదుగు నుంచి వచ్చే పాల వేడి సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు. సూక్ష్మజీవులకు అంతకంటె అనుకూలమైన చోటు లేదు. వేసవిలో అవి అర గంటకొకసారి రెట్టింపు కాగలవు. ఆ లెక్కన ఒక్కటి మూడు గంటల్లో అరవై నాలుగు అవుతుంది. పాలను 4 డిగ్రీలకు చల్లబరిస్తే ఈ పెరుగుదల బాగా మందగిస్తుంది. అందుకే పితికిన దగ్గర నుంచి కూలరు చేరేవరకు ప్రతి నిమిషానికీ విలువ వుంది. బండి దారిలో ఒక గంట ఆగితే ఆ గంటను ఎవరూ తిరిగి తేలేరు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. బండిలో 20 క్యానులు, ఒక్కొక్కటి 40 లీటర్లు అనుకుంటే మొత్తం 800 లీటర్లు. లీటరు 40 రూపాయలు అనుకుంటే ఒక్క పూట సరుకు 32,000 రూపాయలు. ఇంత విలువైన సరుకు ఒక రబ్బరు బెల్టు మీద, ఒక గొట్టం మీద, నాలుగు టైర్ల మీద ఆధారపడి ప్రయాణం చేస్తున్నది.

మొదట బరువు లెక్క

పాత బండి పాడవడానికి వయసు కంటె అధిక బరువే పెద్ద కారణం. బండి ఎంత మోయాలో ఆర్.సి. పుస్తకంలోనే వుంటుంది. అందులో రెండు అంకెలు చూడండి: ఖాళీ బండి బరువు, సరుకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు. మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసివేస్తే మోయదగిన బరువు వస్తుంది. ఖాళీ బరువులో డ్రైవరు, క్లీనరు కలిసి వుండరు కనుక వారిని కూడా తీసివేయాలి.

పాలు నీటికంటె కొంచెం బరువు. లీటరు సుమారు 1.03 కిలోలు. నిండిన 40 లీటర్ల క్యాను, దాని సొంత బరువుతో కలిపి దాదాపు 50 కిలోలు తూగుతుంది. ఉదాహరణకు మీ పుస్తకంలో ఖాళీ బరువు 1,550 కిలోలు, మొత్తం బరువు 2,750 కిలోలు అని వుంటే తేడా 1,200. డ్రైవరు, క్లీనరు కలిసి 130 కిలోలు పోతే మిగిలేది 1,070. అంటే 21 క్యానులు. తర్వాత మీరు ఇనుప చట్రంతో 80 కిలోల గూడు కట్టించారనుకోండి. మిగిలేది 990, అంటే 19 క్యానులే. గూడు కట్టించి పాత లెక్క ప్రకారమే క్యానులు ఎక్కించే సంఘాలు ఎన్నో వున్నాయి. తిరుగు ప్రయాణంలో వేసే దాణా మూటలకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

క్యానులు సర్దే పద్ధతి కూడా ముఖ్యం. బరువు క్యాబిన్ వైపు నుంచి మొదలు కావాలి. వెనుక తలుపు దగ్గర బరువు ఎక్కువైతే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది. సగం నిండిన క్యానులను వీలైనంత తగ్గించండి. సగం క్యానులో పాలు దారి పొడవునా చిలికినట్లై వెన్న పూసలు తేలతాయి. దానివల్ల వెన్న శాతం పరీక్షలో తేడా వచ్చి సంఘమే నష్టపోతుంది.

ప్రతి ఉదయం పది నిమిషాలు

బండి తీసేముందు, ఇంజను చల్లగా వున్నప్పుడు, చదునైన చోట ఈ పనులు చేయాలి.

1. బండి క్రింద నేల చూడాలి. నల్లటి మరక ఇంజను ఆయిలు కావచ్చు. రంగు నీళ్ళయితే రేడియేటరుది. చక్రం లోపలి వైపు తడి వుంటే బ్రేకు ఆయిలు అని అనుమానించి బండి తీయకుండా మెకానిక్కును పిలవాలి.

2. ఆయిలు కడ్డీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూడాలి. ఆయిలు రెండు గుర్తుల నడుమ వుండాలి. తక్కువైతే పోయాలి. పై గుర్తు దాటించడమూ మంచిది కాదు.

3. రేడియేటరు నీళ్ళు చూడాలి. వేడి ఇంజను మీద మూత తీస్తే మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది. ఈ ప్రమాదం అనుభవం వున్నవారికి కూడా జరుగుతూనే వుంది.

4. ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కి చూడాలి. సుమారు ఒక సెంటీమీటరు లోపలికి పోతే సరిగ్గా వున్నట్లు. మరీ వదులైతే బ్యాటరీ నిండదు, ఇంజను వేడెక్కుతుంది. మరీ బిగువైతే బేరింగులు అరుగుతాయి. లోపలి వైపు పగుళ్ళుంటే మార్చాలి. కొత్త బెల్టు ఒకటి ఎప్పుడూ సీటు క్రింద వుంచుకోవాలి.

5. డీజిలు ఫిల్టరు అడుగున వుండే మర కొంచెం వదులు చేసి, చేరిన నీటిని గిన్నెలోకి తీసివేయాలి. వానాకాలంలో ప్రతిరోజూ, మిగిలిన రోజుల్లో వారానికొకసారి చేస్తే చాలు. నీరు పంపులోకి పోతే పంపు, నాజిళ్ళు చెడతాయి. వాటి మరమ్మతు ఖరీదైనది.

6. బ్రేకు తొక్కి చూడాలి. పెడలు గట్టిగా ఆగాలి. మెత్తగా క్రిందికి దిగిపోతుంటే గాలి చేరిందనో, ఆయిలు కారుతున్నదనో అర్థం.

7. టైర్లు, స్టెప్నీ, దీపాలు, హారను చూడాలి. గాలి పట్టించేటప్పుడు టైరు చల్లగా వుండాలి. బండి తయారీదారు పలకమీద ఖాళీ బండికి, బరువు బండికి వేరువేరు అంకెలు వుంటాయి. వెనుక టైర్లకు బరువు లెక్కే పట్టించాలి.

ఈ ఏడు పనులకూ పనిముట్టు దాదాపు అక్కర్లేదు. ఒక గుడ్డ, ఒక గిన్నె, రెండు కళ్ళు చాలు.

వారానికొకసారి

గ్రీజు పనిని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. కమాను పట్టీల షకిళ్ళు, స్టీరింగు కీళ్ళు, ప్రొపెల్లరు షాఫ్టు జాయింట్లు, వీటిలో గ్రీజు నిప్పిళ్ళున్న ప్రతి చోటా పాత గ్రీజు బయటికి వచ్చేవరకు గన్నుతో కొట్టాలి. మట్టిబాటలో, వానలో తిరిగే బండికి ఇది ఇంకా అవసరం. కమాను పట్టీలను పట్టివుంచే యు-బోల్టులు, చక్రాల నట్లు బిగించి చూడాలి. పట్టీల్లో విరిగినది వుందేమో ప్రక్కనుంచి వంగి చూడాలి.

బ్యాటరీ తలల మీద తెల్లటి పొడి పేరుకుంటే వేడినీటితో కడిగి, తుడిచి, బిగించి, పైన వ్యాజలైను రాయాలి. నీళ్ళు పోసే రకమైతే పలకలు మునిగి ఒక సెంటీమీటరు పైన వుండేలా డిస్టిల్డ్ వాటరే పోయాలి. బావినీరు, కుళాయి నీరు పోయకూడదు.

గాలి ఫిల్టరు ఇంజనుకు ముక్కు వంటిది. మన మట్టిబాటల్లో అది త్వరగా మూసుకుపోతుంది. కాగితపు ఫిల్టరును మెల్లగా తట్టి, లోపలి నుంచి బయటికి గాలి ఊదాలి. చిరిగితే మార్చాలి. ఫిల్టరు తీసేసి బండి నడపడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. ఇసుక రజను సిలిండరులోకి పోతే ఇంజను తొందరగా అరిగిపోతుంది.

పాలబండికి ప్రత్యేకమైన శత్రువు ఇంకొకటి వుంది. అది ఒలికిన పాలే. పాలు పులిసి ఆమ్లమై తొట్టి రేకును, దాని క్రింది చట్రాన్ని తుప్పు పట్టిస్తుంది. క్యానులు దించిన వెంటనే ముందుగా చల్లని నీటితో కడగాలి. మొదటే వేడినీళ్ళు పోస్తే పాలలోని మాంసకృత్తులు అతుక్కుపోతాయి. తొట్టి మూలల్లో నీరు పోయే రంధ్రాలు మూసుకోకుండా చూడాలి.

తేదీ కాదు, కిలోమీటర్లు చూడండి

"ఆయిలు మొన్ననే మార్చాం గదా" అనే మాట తరచుగా వింటుంటాం. మొన్న అంటే ఎన్ని కిలోమీటర్ల క్రితం? బండి పూటకు 40 కిలోమీటర్లు, రోజుకు రెండు పూటలు తిరిగితే రోజుకు 80. నెలకు 2,400. ఆయిలు మార్పు 5,000 కిలోమీటర్లకు అని మీ బండి పుస్తకంలో వుంటే అది రెండు నెలలకే వచ్చేస్తుంది. ఏడాదికొకసారి దసరా పూజకు ముందు మార్చుదాం అనుకుంటే ఇంజనుకు అన్యాయం చేసినట్లే. ఆయిలు మార్చినప్పుడు ఆయిలు ఫిల్టరూ మార్చాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్ళకొకసారి మార్చడం మంచిది.

పొగ కూడా కొన్ని సంగతులు చెబుతుంది. నల్లటి పొగ వస్తే గాలి ఫిల్టరు మూసుకుపోయిందనో, నాజిళ్ళు సరిగా లేవనో, బరువు ఎక్కువైందనో గ్రహించాలి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నదని అర్థం. వేడెక్కిన తర్వాత కూడా తెల్లటి పొగ ఆగకపోతే నీరు సిలిండరులోకి దిగుతున్నదేమో చూపించాలి.

సరుకు రవాణా బండికి ఎనిమిదేళ్ళు దాటితే ఏటేటా ఫిట్‌నెస్ పత్రం తీసుకోవాలి. దాన్ని తద్దినంలా కాక, బండికి ఏడాదికొక వైద్య పరీక్షగా భావించండి. ఫిట్‌నెస్, భీమా, కాలుష్య పత్రం గడువులను సంఘం గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాసి వుంచండి. గడువు తీరిన బండికి ప్రమాదం జరిగితే నష్టపరిహారం చిక్కుల్లో పడుతుంది.

దారిలో రెండు కష్టాలు

ఇంజను వేడెక్కడం: వేడి ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే "కేంద్రం దగ్గరే వుంది, పోనిద్దాం" అనుకోవద్దు. నీడకు తీసి ఆపాలి. అర గంట చల్లారనిచ్చి, గుడ్డ వేసి మూతను కొద్దికొద్దిగా తిప్పి, ఆవిరి పోయాక తీయాలి. ఇంజను తిరుగుతుండగా నీళ్ళు నిదానంగా పోయాలి. కాలే ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగులుతుంది. బండి ఆపిన వెంటనే చేయవలసిన మొదటి పని కేంద్రానికి, కార్యదర్శికి ఫోను చేయడం. బండి బాగు చేయడం రెండవ పని. ముందు పాలను కాపాడాలి. క్యానుల మీద తడి గోనెపట్టాలు కప్పి నీడలో వుంచాలి.

గాలి పట్టడం: డీజిలు అయిపోయినా, ఫిల్టరు మార్చినా గొట్టాల్లో గాలి చేరి ఇంజను అందుకోదు. ఊరికే సెల్ఫు కొడితే బ్యాటరీ దిగిపోతుంది. పాత రకం పంపు వున్న బండిలో ఫిల్టరు పైనున్న గాలి మర వదులు చేసి, చేతి పంపుతో కొడుతుంటే ముందు బుడగలు, తర్వాత బుడగలు లేని డీజిలు వస్తుంది. అప్పుడు కొడుతూనే మర బిగించాలి. తర్వాత సెల్ఫు ఇవ్వాలి. కొత్త కామన్ రైల్ ఇంజనుల్లో మాత్రం ఏ గొట్టమూ విప్పకూడదు. అందులో ఒత్తిడి చాలా ఎక్కువ. చిమ్మిన డీజిలు చర్మంలోకి దూరిపోగలదు.

మార్పులు: ఏది అవసరం, ఏది అనవసరం

పాత బండికి కొత్త సొగసులు చేయించాలనే కోరిక సహజం. కాని సంఘం డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు వరుస ముఖ్యం. మొదట ఆగడం, తర్వాత కనబడడం, ఆ తర్వాత మోయడం. అంటే మొదటి రూపాయి బ్రేకులకు, టైర్లకు పోవాలి. రెండవది దీపాలకు. మూడవది తొట్టికి.

దీపాలు మసకగా వుంటే వెంటనే పెద్ద వాట్ల బల్బులు వేయకండి. సాధారణంగా 60/55 వాట్ల బల్బులకు వేసిన పాత తీగలు 100 వాట్ల బల్బులకు వేడెక్కి కరుగుతాయి. నిప్పంటుకునే ప్రమాదముంది. ముందు అద్దం, రిఫ్లెక్టరు శుభ్రం చేసి, ఎర్తు తీగ కొత్తది బిగించి, రిలే పెట్టించండి. పాత బల్బే బాగా వెలుగుతుంది. తెల్లవారుజామున, చీకటి పడ్డాక తిరిగే బండి కనుక మెరిసే పట్టీలు తప్పనిసరి. ముందు తెలుపు, వెనుక ఎరుపు, ప్రక్కల పసుపు.

తొట్టిలో రబ్బరు చాప, క్యానులు కదలకుండా అడ్డ కమ్ములు, పైన ఎండ తగలకుండా లేత రంగు టార్పాలిను, ఇవి పాలబండికి నిజంగా అక్కరకు వచ్చే మార్పులు. ఖర్చూ తక్కువే.

ఇక కమాను పట్టీలు అదనంగా వేయించడం గురించి చెప్పాలి. "రెండు పట్టీలు వేయిస్తే ఇంకో పది క్యానులు ఎక్కించవచ్చు" అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పట్టీలు వేసినంత మాత్రాన యాక్సిలు, చట్రం, టైర్లు, బ్రేకులు బలపడవు. ఆర్.సి.లోని బరువు పెరగదు. పైగా కొన్ని పికప్‌లలో వెనుక బ్రేకుల బలాన్ని సరిచూసే ఒక వాల్వు వుంటుంది. తొట్టి ఎంత క్రుంగిందో చూసి, దాన్ని బట్టి అది వెనుక చక్రాలకు బ్రేకు ఒత్తిడి పంపుతుంది. పట్టీలు పెంచితే బరువున్నా తొట్టి క్రుంగదు. బండి ఖాళీగా వుందనుకుని వాల్వు ఒత్తిడి తగ్గిస్తుంది. అంటే బరువు పెరిగిన రోజునే బ్రేకు తగ్గుతుంది! పాత పట్టీలు చదునై వుంటే అదే రకం కొత్త పట్టీలు వేయించండి, అదనంగా వద్దు.

తయారీదారు ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండి రూపం మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతించదు. అనుమతి వున్న మార్పులనైనా రవాణా కార్యాలయంలో నమోదు చేయించాలి. గూడు కట్టించే ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

లాగుడు పనులు

పాలబండి చేత అప్పుడప్పుడు లాగుడు పని కూడా చేయిస్తుంటాం. ఆగిపోయిన బండిని లాగడం, జనరేటరు ట్రైలరును తీసుకుపోవడం వంటివి. ఒక్కోసారి మన బండినే ట్రాక్టరుతో బురదలోంచి లాగించుకోవలసి వస్తుంది. వీటిలోనే ప్రాణాపాయం ఎక్కువ. కనుక శ్రద్ధగా గమనించండి.

ఆగిన బండిని లాగేటప్పుడు తాడును లాగుడు కొక్కేనికే కట్టాలి. బంపరుకు, స్టీరింగు కడ్డీలకు, యాక్సిలుకు కట్టకూడదు. రెండు బండ్ల మధ్య దూరం ఐదు మీటర్లకు మించరాదని రహదారి నిబంధన. తాడు మధ్యలో ఎర్రగుడ్డ కట్టాలి. వెనుక బండి మీద లాగుతున్నట్లు తెలిపే పలక వుండాలి. వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు.

వెనుక బండిలో లైసెన్సు వున్న డ్రైవరే కూర్చోవాలి. క్లీనరు కుర్రవాణ్ణి కూర్చోబెట్టవద్దు. తాళం చెవి తిప్పి వుంచాలి, లేకుంటే స్టీరింగు బిగుసుకుంటుంది. గేరు న్యూట్రల్లో వుండాలి. ఇంజను ఆగిన బండిలో బ్రేకుకు వాక్యూం సాయం వుండదు కనుక పెడలు చాలా గట్టిగా తొక్కాలి. పవరు స్టీరింగు వుంటే అదీ బరువెక్కుతుంది. ఈ సంగతి తెలియక ముందు బండిని గుద్దినవారున్నారు. ముందు బండి మొదటి గేరులో నెమ్మదిగా కదిలి, తాడు బిగిసిన తర్వాతే లాగాలి. జర్కు ఇవ్వకూడదు. బ్రేకులు చెడిన బండిని తాడుతో ఎంతమాత్రం లాగకూడదు. దానికి క్రేను బండే కావాలి. బండి లాగేముందు పాల క్యానులను వేరే బండిలోకి మార్చాలి.

బురదలోంచి లాగించేటప్పుడు ముందు చక్రాల ముందు మట్టి తవ్వి, రాళ్ళో కొమ్మలో వేయాలి. సగం కష్టం అక్కడే తీరుతుంది. తాడో గొలుసో తెగితే కొరడాలా తిరిగి కొడుతుంది. అందుచేత చూడవచ్చిన జనాన్ని, ముఖ్యంగా పిల్లలను తాడు పొడవుకు మించిన దూరంలో నిలబెట్టాలి. తాడు మధ్య ఒక తడి గోనెసంచి వేస్తే తెగినా ఎగరడం తగ్గుతుంది.

ట్రైలరు విషయంలో మూడు మాటలు. దానికి రిజిస్ట్రేషను వుండాలి. మన బండి లాగదగిన బరువు ఎంతో తయారీదారు పుస్తకంలో చూసుకోవాలి. బరువును ట్రైలరు చక్రాలకు కొంచెం ముందు వైపు సర్దాలి. వెనుక బరువెక్కువైతే ట్రైలరు పాము తోకలా ఊగుతుంది. అలా ఊగితే గట్టిగా బ్రేకు వేయక, యాక్సిలరేటరు వదిలి మెల్లగా వేగం తగ్గించాలి. ఘాటు దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్లో దించడం ప్రమాదకరం.

సంఘం చేయవలసిన ఏర్పాటు

మొదట చెప్పిన సంగతికి మళ్ళీ వద్దాం. ఆ సంఘానికి మెకానిక్కు కొరత లేదు, డబ్బుకూ కొరత లేదు. కొరత అంతా నిర్ణయానికే. కనుక ప్రతి సంఘం తన పాలకవర్గంలో మూడు తీర్మానాలు చేసుకోవాలని మా సూచన.

ఒకటి: బెల్టు, బల్బు, ఫిల్టరు, గొట్టం, పంక్చరు వంటి చిన్న ఖర్చులకు ఒక పరిమితి పెట్టి, ఆ మేరకు సమావేశం కోసం ఎదురుచూడకుండా ఖర్చు చేసే అధికారం కార్యదర్శికి, డ్రైవరుకు ఇవ్వాలి. రసీదు తర్వాత సమావేశంలో పెట్టాలి.

రెండు: బండికి ఒక పుస్తకం వుండాలి. తేదీ, కిలోమీటరు అంకె, పోసిన డీజిలు, చేసిన పని, డ్రైవరు చెప్పిన లోపం, దానిమీద తీసుకున్న చర్య, అన్నీ వ్రాయాలి. డ్రైవరు చెప్పిన లోపం వ్రాసిన రోజునే ఎవరో ఒకరు సంతకం చేయాలి. నోటిమాట మరుగున పడుతుంది, వ్రాసినది నిలుస్తుంది. బండి అద్దెదైతే ఈ షరతును ఒప్పందంలోనే చేర్చాలి.

మూడు: బండి తిరిగిన ప్రతి కిలోమీటరుకు కొంత సొమ్ము మరమ్మతు నిధికి తీసి వుంచాలి. రెండు రూపాయల చొప్పున తీస్తే రోజుకు 80 కిలోమీటర్లకు 160 రూపాయలు, ముప్పై రోజుల నెలకు 4,800 రూపాయలు. టైర్లు కొనవలసిన నాడు సభ్యుల బోనసులోంచి తీయవలసిన అవసరం రాదు.

వచ్చే సమావేశంలో అడగవలసిన ప్రశ్నలు

1. మన బండి ఆర్.సి. ప్రకారం ఎన్ని క్యానులు మోయాలి? నిన్న ఎన్ని మోసింది?
2. చివరిసారి ఆయిలు మార్చినప్పుడు కిలోమీటరు అంకె ఎంత? ఈ రోజు ఎంత?
3. సీటు క్రింద కొత్త బెల్టు, జాకీ, లాగే తాడు, ఎర్ర త్రికోణం వున్నాయా?
4. బండి ఆగిపోతే పాలు తెచ్చే రెండవ బండి ఎవరిది? ఆయన ఫోను నంబరు డ్రైవరు దగ్గర వుందా?
5. డ్రైవరు ఈ నెలలో చెప్పిన లోపాలేమిటి? వాటిలో ఎన్ని సరిచేశాం?

ఐదవ ప్రశ్నకు సమాధానం దొరకని సంఘం బండి ఎంత కొత్తదైనా నమ్మదగినది కాదు. సమాధానం దొరికే సంఘానికి పాత బండీ చాలు.

గేదెను కట్టివేసిన చోట నేల తడిగా వుందో పొడిగా వుందో మనం రోజూ చూస్తాం. పొదుగు వాచిందేమో తడిమి చూస్తాం. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పాలను మోసే బండిని కూడా అదే కంటితో రోజుకు పది నిమిషాలు చూడగలిగితే, తెల్లవారుజామున లేచి పితికిన వారి కష్టం దారిలో విరిగిపోకుండా వుంటుంది. ఈ పాఠాన్ని సంఘంలో ఒకరు పైకి చదివి, డ్రైవరును ప్రక్కన కూర్చోబెట్టుకుని చర్చించవలసిందిగా మనవి.